గోడ మీద ఒరిగిన ఓడలు

ఆయిల్ ఇంజిన్ తెస్తానని హైదరాబాదు పోయిన మా ఆయన సముద్రాన్ని కొనుక్కొచ్చాడు.

డెబ్బై రెండో సంవత్సరం కరువు అది. వానాకాలమంతా మబ్బులు వచ్చి చూసి పోయాయి తప్ప చుక్క రాల్చలేదు. దసరా నాటికి జహీరాబాదులో సగం బావులు అడుగంటాయి. అలాంటప్పుడు ఇంటాయన బస్సు దిగి, గోనెపట్టాలో చుట్టిన తలుపంత సామాను ఇద్దరు మనుషులతో మోయించుకుంటూ వస్తే, అది ఇంజిన్ తాలూకు ఏదో అయి ఉంటుందనుకున్నాను. గోనె విప్పారు. టేకు చట్రం, అద్దం, అద్దం వెనక గుడ్డకు అతికించిన పాత కాగితం.

"ఇంజినేది?" అన్నాను.

"ఇంజిన్ ఎప్పుడన్న దొరుకుతది. ఇది దొరకదు," అన్నాడు. "ఎవరో నవాబు దేవిడీల సామాను హర్రాజు ఏసిన్రు. నక్షా ఇది. చూడు జర."

మా ఆయన పేరు ఇంద్రసేనరెడ్డి. తాతల కాలం నుంచి పటేలు ఇల్లు మాది. గుడ్డ మీద గీసిన ఊరి నక్షా మా ఇంట్లో పెట్టెలో ఉండేది. ఏ పొలం ఎవరిది, ఏ బాట ఎటు పోతుంది అని ఎవరు పోట్లాడుకున్నా మా మామగారు ఆ గుడ్డ పరిచి వేలు పెట్టి చూపేవారట, అంతటితో తగవు తీరేదట. ఆ వేలు మా ఆయనకు వారసత్వంగా వచ్చింది. చూపు మాత్రం మామగారితోనే పోయింది.

కాగితం పై సగం నేల. నేలంతా ఖాళీ, మధ్యలో ఒక కోట బొమ్మ, దాని పక్కన ఒక ఏనుగు. కింది సగమంతా లేత నీలం. నీలంలో తెరచాపల ఓడలు, పంది మొహంతో ఒక పెద్ద చేప. ఎడమ వైపు కిందికి బంగారు పూత పూసిన చక్రం లాంటి గుండ్రటి బొమ్మ. ఆ చక్రం నుంచి నలుమూలలకూ సన్నటి గీతలు బయలుదేరి కాగితమంతా అల్లుకున్నాయి. నేలా నీలమూ కలిసే చోట పొడుగునా చీమల బారులా అంకెలు, ఇంగ్లీషులాంటి అక్షరాలు. మా ఆయన చదివింది ఉర్దూ మీడియం, ఆ అక్షరాలు ఆయనకు రావు. రాకపోతేనేం, పటేలు కదా.

"ఇగో, ఇది బావి," అన్నాడు చక్రం మీద వేలు పెట్టి. ఊరి నక్షాలో గుండ్రటి గుర్తు ఉంటే బావి అని అర్థం. దాన్ని పట్టుకున్నాడు. "గీతలు చూసినవా? భూమి కింద ధారలు. అన్ని ధారలు వచ్చి ఈ బావిలనే కలుస్తున్నయి. అంకెలేమో ఎన్ని గజాలకు నీళ్లు తగుల్తయో చెప్తయి. నవాబులు భూమి కింద నీళ్లకు నక్షా తీయిచ్చిన్రు."

"ఓడలెందుకు మరి?"

"నీళ్లు గంత ఉంటయని."

"ఏనుగు?"

"ఏనుగు దూప తీరుతదని."

పంది మొహం చేప గురించి నేనిక అడగలేదు. దానికీ ఏదో ఒక జవాబు ఉండేదే.

నాకు ఏడుపు రావాలో నవ్వు రావాలో తెలియలేదు. ఎందుకంటే ఆ ఇంజిన్ నా బావి కోసం. ఇంటికి తూర్పు దక్షిణాల మూలన మా నాయన పసుపు కుంకుమ కింద నాకు కొనిచ్చిన చెలక భూమి ఉంది. అందులో రాతికట్టు బావి, ఆ బావి మీద నా అల్లం తోట. ఆ అల్లం నాది. విత్తనం నేనే ఎంచి పెడతాను, కూలివాళ్లను నేనే పిలుస్తాను, అమ్మకం నేనే మాట్లాడతాను. మిగతా పొలమంతా పటేలుగారిది కాబట్టి ఏ ఏటికా ఏడు దైవాధీనం. బావి అడుగున తూర్పు గోడ రాతిలో బెత్తెడు చీలిక ఒకటుంది. ఎంత ఎండాకాలమైనా ఆ చీలిక తడిగానే ఉండేది. ఆ రాయి పగలగొట్టి ఇంకొంత లోతుకు పోతే బావి బతుకుతుందని నేను పెళ్లయి వచ్చిన ఏడు నుంచీ చెబుతున్నాను. బావులు తవ్వే గుండయ్య జట్టును ఆ పని కోసమే మాట్లాడుకున్నాం. ఆ ఏడు వాళ్ల కోసం ఊళ్లకు ఊళ్లు కొట్లాడుకుంటున్నాయి. మా దగ్గర ఉగాది దాకా ఉంటామన్నారు, తర్వాత రాయికోడ్ వాళ్లకు మాటిచ్చారు.

జట్టు వచ్చింది. మా ఆయన వాళ్లను నా బావి దగ్గరికి తీసుకుపోలేదు. నక్షాను నలుగురూ వచ్చి కూర్చునే దివాణంలో గోడకు తగిలించి, కోట బొమ్మ మా ఇల్లని నిశ్చయం చేసుకున్నాడు. కోట నుంచి చక్రం ఎటు ఉంది? కిందికి, ఎడమకు. నక్షాలో పైన ఉత్తరం, కింద దక్షిణం, ఎడమ పడమర. ఇది పటేళ్ల ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. అంటే ఇంటికి దక్షిణ పడమరల మూల. అక్కడేముంది? తిప్ప ఉంది. జొన్న కూడా మొలవని ఎర్రరాతి తిప్ప. మేకలు కూడా దాన్ని చూసి పక్కకు తప్పుకు పోతాయి.

"ఆడ నీళ్లుంటయా?" అన్నాను.

"నవాబు నక్షా కంటె నీకు ఎక్కువ తెలుసా?"

గుండయ్య తల గోక్కుని, "యాడ చూపిస్తె ఆడ తవ్వుతం పటేలా," అన్నాడు. అతని పని అతనిది. మంచి రోజు చూసి, ఊరంతా వచ్చి నిలబడగా, మా ఆయన తిప్ప మీద కొబ్బరికాయ కొట్టాడు. గోడ మీది నక్షాకు కూడా పసుపు బొట్టు పెట్టించాడు. అద్దం మీద పెట్టారు కాబట్టి తుడిస్తే పోయింది.

తవ్వారు. ఎర్రమట్టి, దాని కింద రాయి, రాయి కింద ఇంకా గట్టి రాయి. తూటాలు పేలుస్తుంటే ఇంట్లో గిన్నెలు కదిలేవి. నక్షా మీది అంకె ప్రకారం నీళ్లు తగలాల్సిన లోతు దాటిపోయింది. మా ఆయన పక్క అంకెకు మారాడు. అదీ దాటింది. ఇంకో అంకె. అంకెలకు కొదవ లేదు. ఇక్కడ నా బావిలో బొక్కెన వేస్తే రాయికి తగిలి ఠంగుమనడం మొదలైంది. ఇంట్లో పని చేసే నారమ్మ బొక్కెనతో అడుగు గీరి గీరి బిందెడు నీళ్లు తెచ్చేది, సగం బురద. అల్లం ఆకులు కొసల నుంచి పసుపెక్కాయి. తడి ఆగిపోతే గడ్డ భూమిలోనే కుళ్లుతుందో ఎండుతుందో తెలియదు, ఏదైనా పోవడమే. నాకు రాత్రీ పగలూ అదే దిగులు. మా ఆయన మాత్రం పొద్దున్నే పంచె ఎగ్గట్టి తిప్పకు పోయి, మిట్టమధ్యాహ్నం ఎర్రదుమ్ముతో తిరిగొచ్చి, నక్షా ముందు నిలబడి మీసం దువ్వుకునేవాడు.

అప్పుడు మా తమ్ముడు సదాశివ సెలవుల్లో వచ్చాడు. బందరు కాలేజీలో చరిత్ర చెబుతాడు. మా వంశంలో డిగ్రీల మీద డిగ్రీలు చదివినవాడు వాడొక్కడే. నక్షాను చూస్తూనే కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"బావా, ఇది సముద్రం నక్షా," అన్నాడు. "మా బందరు ఒడ్డు. పాతకాలపు డచ్చివాళ్లది. ఇగో మచిలీపట్నం, ఇగో నర్సాపూర్..."

"నర్సాపూర్," అన్నాడు మా ఆయన గబుక్కున. "మన మెదక్ జిల్లా నర్సాపూరే."

"కాదు బావా, అది గోదావరి కాడ. ఓడలు కట్టేటోళ్లు ఆడ."

"సముద్రం అంటున్నవ్. నిజాంకు సముద్రమున్నదా? లేని సముద్రానికి నవాబు ఇంట్ల నక్షా ఎందుకుంటది?"

అసలు విషయం తప్పించి మా ఆయన అడిగే ప్రశ్నలు ఎప్పుడూ బాగానే ఉంటాయి. సదాశివకు ఆ ప్రశ్న అన్నం పెట్టినట్టయింది. మంచం మీద బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టాడు. నా బావిలో మిగిలిన నీళ్లతో కాచిన చాయ తాగుతూ పొద్దు వాలేదాకా చెప్పాడు.

వాడు చెప్పిందేమంటే, ఓడ నడిపేవాళ్ల దగ్గర ఇలాంటి నక్షాలు ఉండేవి కావట. వాళ్లవి ఉత్త గీతలూ అంకెలూ, రంగూ రూపూ లేనివి. ఉప్పునీళ్లకు నాని, మడతల దగ్గర చినిగి, చివరకు చెత్తలో పోయేవి. ఈ బంగారు పూతలవీ ఏనుగులవీ, పాదం తడి కాకుండా ఇంట్లో కూర్చున్న షావుకార్లు గోడకు తగిలించుకోడానికి గీయించుకున్నవట. పనికొచ్చినవి పోయాయి, పనికిరానివి పదిలంగా ఉన్నాయి. చక్రం దిక్కులు చూపేదట, గీతలు ఓడ ఏ దిక్కున పోవాలో పట్టుకునే దారులట. అంకెలు లోతులు. సీసపు గుండుకు కింద కొవ్వు రాసి, తాడు కట్టి నీళ్లలోకి వదిలేవారట. తాడును బట్టి లోతు తెలుస్తుంది, కొవ్వుకు అంటుకొచ్చిన ఇసుకనో బురదనో బట్టి అడుగు తెలుస్తుంది. నేల మీద ఏముందో గీసేవాడికి తెలియదు. తెలియని చోట ఏనుగును పెట్టేవాడు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చక్రం వైపు చూస్తున్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు సదాశివ. ఎవడో ఒకడు మబ్బును చూసి దీవి అనుకుని నక్షాలో గీస్తాడట. దాన్ని చూసి ఇంకొకడు, వాణ్ని చూసి మరొకడు, అక్కడికి పోకుండానే గీస్తూ పోతారట. అలా లేని దీవులు వందేళ్లపాటు నక్షాల్లో ఉండిపోయాయట. ఉందో లేదో తెలియనిదాన్ని చెరపడానికి ఎవడికీ ధైర్యం ఉండదట.

"అక్కా, ఎంత గొప్ప చరిత్రనో తెలుసా ఇది," అన్నాడు.

"తెలిసింది. మరి మీ బావకు జర చెప్పు, తిప్ప ఇడిసి నా బావి తవ్వియ్యమని."

వాడి మొహం వాడిపోయింది. ఓడల మీద, డచ్చివాళ్ల మీద పొద్దంతా మాట్లాడినవాడికి ఇంటి వెనక బావి మీద ఒక్క మాట దొరకలేదు. "బావకు చెప్పనీకి నేనెంతటోణ్ణి అక్కా," అన్నాడు. మర్నాడు పొద్దున బస్సెక్కాడు. చదువు మనిషికి ఎంత పనికొస్తుందో నాకు ఆ రోజు బాగా తెలిసింది.

వాడు చెప్పినదాంట్లో నాకు పనికొచ్చే ముక్క ఒక్కటే ఉంది. చక్రం అంచున మూడు రేకుల పువ్వు ఒకటి గీసి ఉంది. అది ఉత్తరానికి గుర్తట. పాతకాలం నక్షాల్లో ఉత్తరం పైనే ఉండాలని లేదట, గీసేవాడికి ఏ వైపు కుదిరితే ఆ వైపు. ఈ నక్షాలో పువ్వు పైకి లేదు. కుడి చేతి వైపుకు తిరిగి ఉంది.

మా ఆయన తిప్పకు పోయిన వేళ చూసి నేనూ నారమ్మా స్టూలు వేసుకుని చట్రం దించాం. పువ్వు పైకి వచ్చేటట్టు పక్కకు తిప్పి మళ్లీ తగిలించాం. అప్పటిదాకా అడ్డంగా ఉన్నది నిలువుగా నిలబడింది. ఓడలన్నీ ఒరిగిపోయాయి. ఏనుగు గోడెక్కుతున్నట్టు తొండం పైకి పెట్టింది. కోట కూడా పక్కకు పడుకుంది. కోట నుంచి చక్రానికి వేలు పెట్టి జరిపి చూశాను. కిందికే, కానీ ఈసారి కుడికి. తూర్పు దక్షిణాల మూల. సరిగ్గా నా బావి వైపు.

"ఇదేందమ్మా, ఓడలు పడిపోయినయి," అంది నారమ్మ.

"పడనీ," అన్నాను.

మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. చెప్పుల దగ్గర నుంచి తలపాగా దాకా ఎర్రదుమ్ము. గుమ్మంలోనే ఆగిపోయాడు. దివాణంలో అప్పటికే ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. నీళ్లు ఎప్పుడు పడతాయని రోజూ వచ్చి కూర్చునేవాళ్లు.

"ఎవరు తిప్పిన్రు దీన్ని?"

"నేనే," అన్నాను. "మూడు రేకుల పువ్వు ఉత్తరమని తమ్ముడు చెప్పలేదా? ఇన్ని దినాలు ఉత్తరాన్ని తూర్పు దిక్కు తగిలిచ్చుకున్నం. మీరే చూడున్రి."

ఆయన దగ్గరకొచ్చాడు. తువ్వాలతో అద్దం తుడిచాడు. పువ్వు మీద వేలు పెట్టాడు, కోట మీద పెట్టాడు, చక్రం దాకా జరిపాడు. మీసం మీది దుమ్ము తుడుచుకున్నాడు. తర్వాత ఒకసారి నా వైపు చూశాడు. ఆ చూపు ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకోవలసినంత ఏదో అందులో ఉంటుందని కూడా నేననుకోలేదు.

"నక్షా తప్పు లేదు," అన్నాడు పెద్దమనుషుల వైపు తిరిగి. "మనం తగిలిచ్చుడే తప్పు. గుండయ్యను పిలువున్రి. జట్టును పాత బావి కాడికి పంపున్రి."

ఉగాది ముందర తూర్పు గోడ రాయి పగిలింది. చీలిక నోరు తెరిచింది. మొదట సన్నగా, తర్వాత గుండయ్య మనుషులు సామాను ఎత్తుకుని మెట్ల మీదికి పరిగెత్తేటట్టు నీళ్లొచ్చాయి. నేను గట్టు మీద నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అల్లం సగం పోయింది, సగం లేచింది. ఆ ఎండాకాలం చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా నా బావి నీళ్లే తాగారు.

తాగినవాళ్లంతా దండం పెట్టింది నక్షాకు.

నేనేమీ దాచుకోలేదు. నీళ్లు పడిన పొద్దే మా ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. "అది బందరు సముద్రమే. మిమ్మల్ని నా బావి కాడికి తేవాలెనని నక్షా తిప్పిన," అన్నాను.

ఆయన పాన్ నములుతూ నవ్వాడు. "నువ్వు తిప్పితె ఏంది, నేను తిప్పితె ఏంది. నీళ్లు పడ్డయి గద."

ఇంత మూర్ఖుడితో కాపురం చేస్తున్నానా అనుకున్నాను. కోపం కూడా రాలేదు. ఎద్దు మీద కోపం ఎవరికి వస్తుంది?

ఆ తర్వాత మా దివాణం దవాఖాన అయింది. చిరాగ్‌పల్లి నుంచి, మొగుడంపల్లి నుంచి, రాయికోడ్ నుంచి జనం వచ్చేవారు. "పటేలా, జర నక్షా చూడున్రి" అనేవారు. ఆయన స్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, భుజం మీద శాలువా వేసుకుని వచ్చేవాడు. వచ్చినవాడి ఊరు ఏ దిక్కున ఉందో అడిగేవాడు. ఆ దిక్కుకు పోయే గీత ఒకటి ఎప్పుడూ ఉండేది, గీతలు అన్ని దిక్కులకూ పోతాయి కదా. దాని మీద వేలు జరిపి, ఒకచోట ఆపి, కళ్లు మూసుకుని, ఒక అంకె చెప్పేవాడు. నీళ్లు పడితే నక్షా మహిమ. పడకపోతే వాడు ఒక బారెడు పక్కకు తవ్వాడు. వచ్చినవాళ్లు పక్కకు పడిన ఓడల్ని మెడలు వంచి భక్తిగా చూసేవారు. పంది మొహం చేపకు ఎవరో పూలదండ కూడా తెచ్చారు. నేను చాయలు కాచి పంపించేదాన్ని, ఆ చాయల నిండా నా బావి నీళ్లే. లేని దీవిని వందేళ్లు ఎట్లా గీశారో నాకు తమ్ముడు మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఎవరైనా నన్ను అడిగితే, "అది సముద్రం నక్షా, మా ఆయనకు మతి లేదు" అని మొహం మీదే చెప్పేదాన్ని. వాళ్లు నవ్వేవారు. పటేలమ్మకు ఎకసెక్కాలెక్కువ అనేవారు.

ఎనభైలు వచ్చేసరికి బొంబాయి హైవే మీద బోరు బండ్లు తిరగడం మొదలైంది. తవ్వే జట్లు పోయాయి. రోడ్డు పక్కన పెద్ద లారీ ఆగితే చాలు, ఎవరో ఒకరు అదృష్టం పరీక్షించుకుంటున్నారని అర్థం. నా చెలకకు ఆనుకుని మహాదేవప్ప పొలం. చెరుకు పెట్టాలని ఆశ. అతనూ నక్షా దగ్గరికి వచ్చాడు. మా ఆయన శాలువా వేసుకుని, చక్రం నుంచి బయటికి పోయే గీత మీద వేలు ఇంత జరిపి ఆపాడు. అది నా బావి గట్టు పక్కన, మహాదేవప్ప హద్దులో.

బోరు వేశారు. నీళ్లు తాటిచెట్టంత ఎగిరాయి. మహాదేవప్ప మా ఇంటికి బ్యాండు మేళంతో వచ్చి మా ఆయనకు పూలమాల వేశాడు. అతన్ని చూసి అవతలి వైపు పొలం వాళ్లు వచ్చారు, వాళ్లను చూసి ఇంకొకరు. అందరికీ ఆయన వేలు నా బావి చుట్టూనే ఆగింది. అందరికీ నీళ్లు పడ్డాయి. ఎందుకు పడవు, అవి నా నీళ్లు. ప్రతి బోరుకూ నా బావిలో ఒక మెట్టు బయటపడేది. నేను మా ఆయనకు చెప్పాను, అరిచాను, అన్నం మానేశాను. "వాళ్ల భూమి, వాళ్ల బోరు. నేనేం చేస్త?" అన్నాడు. పాపం తెలియక చేశాడు, గీతలే నిజమనుకుంటున్నాడు అని నన్ను నేనే ఓదార్చుకునేదాన్ని. నా జీవితంలో ఆయన మీద చూపిన దయ అదొక్కటే.

ఎనభై ఆరు ఎండాకాలంలో నా బావి ఎండింది. డెబ్బై రెండులో కూడా ఎండని చీలిక ఎండింది. చీలికలో చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగా దుమ్ము తగిలింది. అల్లం మొత్తం తీసేశాం. గడ్డ వేలెడు కూడా ఊరలేదు.

ఆ తర్వాతి చలికాలం సదాశివ బందరులో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. రైలెక్కి పోయాం. పోతున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. ఈయన ఇప్పుడు సముద్రం చూస్తాడు. పటేలుగిరీ, శాలువా, నవాబు నక్షా అంతా ఆ ఒడ్డున కూలిపోతాయి. దోసిట నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుంటాడు, ఉమ్మేస్తాడు, అప్పుడు నేను ఇన్నేళ్ల మాటలన్నీ అంటాను. అనవలసినవన్నీ రైల్లోనే వరస పెట్టుకున్నాను.

సముద్రం దగ్గరికి సదాశివ తీసుకుపోయాడు. మమ్మల్ని ఒడ్డున వదిలి, తెలిసినవాళ్లెవరో కనిపిస్తే పక్కకు పోయాడు. అంత నీళ్లు ఒక్కచోట చూడటం నాకూ అదే మొదలు. కాళ్ల కింద ఇసుక జారుతుంటే భయం వేసింది. నేను భయం మింగి మా ఆయన వైపు చూశాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, పొలం చూసుకునే మనిషిలా తాపీగా నిలబడి ఉన్నాడు.

"జర తాగి చూడున్రి," అన్నాను.

"ఎందుకు? ఉప్పుంటయి."

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పుడేంది. సదాశివ ఆ పొద్దే చెప్పిండు గద. నక్షాల ఉన్నది ఈ సముద్రమే, అంకెలు లోతులు, గీతలు ఓడలకు అని. మంచిగనే చెప్పిండు పిల్లగాడు."

నాకు చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయా అనిపించింది. "మీరు నమ్మలేదు గద?"

"నమ్మకుంట ఎట్లుంట? చదువుకున్నోడు. కని అప్పటికే ఊరంత చూస్తుండంగ తిప్ప మీద కొబ్బరికాయ కొట్టిన. ఎనకకు ఎట్లొస్త? పొద్దుందాక రాయి పేలుస్తుంటె నాకు లోపల ఎట్లుండెనో నీకేం తెలుసు." ఆయన నా వైపు తిరిగాడు. ముసలి మొహం నిండా నవ్వు. "అప్పుడు నువ్వు నక్షా తిప్పినవ్. పది మంది ముంగట ఒక్క మాట పడనియ్యకుంట నన్ను ఎనకకు తెచ్చినవ్. ఆ పొద్దే అనుకున్న బాలమణీ, నా పెండ్లాం అసొంటిది ఇంకొకలకు లేదని."

ఇన్నేళ్లలో ఆయన నాతో అంత మంచి మాట అనలేదు. ఒక్క క్షణం నా మనసు కరిగింది, అబద్ధమెందుకు. రైల్లో వరస పెట్టుకున్నవన్నీ మరిచిపోయాను. ఆ రోజు ఆయన నా వైపు చూసిన చూపు ఇదా అనుకున్నాను. తర్వాత నా బావి గుర్తొచ్చింది.

"మరి తెలిసి కూడ మహాదేవప్పకు నక్షా ఎందుకు చూసిన్రు?"

"అడగనీకి వచ్చిండు. నాకు తెల్వదంటె ఏమనుకుంటడు?"

"చూస్తె చూసిన్రు. నా బావి పక్కకే ఎందుకు ఏలు పెట్టిన్రు? ఒక్కలకు గాదు, అందరికి ఆడనే చూపిచ్చిన్రు."

ఆయన నన్ను వింతగా చూశాడు. ఇంత తెలివిగలదానికి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూశాడు.

"ఆడ నీళ్లున్నయని తెలుసు గద," అన్నాడు. "ఇంక యాడ చూపిచ్చినా పడ్తయో లేదో. పడకుంటె నక్షా పరువు పోదా?"

సదాశివ వచ్చాడు. చల్లగాలి ఎక్కువైంది పోదామన్నాడు. దారి పొడుగునా ఆ ఒడ్డుకు డచ్చివాళ్లు ఎప్పుడొచ్చారో, గోదాములు ఎక్కడ కట్టారో చెబుతూనే ఉన్నాడు. మా ఆయన ఊ కొడుతూ, మధ్యమధ్య మంచి ప్రశ్నలు అడుగుతూ నడిచాడు. నేను వాళ్ల వెనక నడిచాను. మూర్ఖుడు అనుకుని ఇన్నేళ్లూ తిట్టాను. మూర్ఖుడు కాబట్టే ప్రతిసారీ వదిలేశాను.

నక్షా ఇంకా మా దివాణంలోనే ఉంది, ఓడలు ఇంకా ఒరిగే ఉన్నాయి. జనం ఇంకా వస్తున్నారు. బందరు నుంచి వచ్చిన తర్వాత నేను ఆయన్ను మూర్ఖుడని ఒక్కసారి కూడా అనలేదు. వయసు మీద పడి మెత్తబడ్డానని ఆయన సంతోషపడుతున్నాడు.